సున్నా వచ్చినా, నూటికి నూరు వచ్చినా: నిష్పత్తికి ఎగ్జాక్ట్ కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ లెక్కగట్టే పద్ధతి

హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్ టీకా మూడో దశ ప్రయోగ ఫలితాలు 2021 నవంబరులో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. దేశంలోని 25 ఆసుపత్రుల్లో 25,798 మందిని చేర్చుకున్న పెద్ద ప్రయోగం అది. చదువుతూ ఒక వరుస దగ్గర ఆగిపోయాను. తీవ్రమైన కోవిడ్ నుంచి టీకా ఇచ్చే రక్షణ 93.4 శాతం, 95% కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (ఆ అంకె ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కింది, పై హద్దులు) 57.1 నుంచి 99.8 అని ఉంది. పాతికవేల మంది ఉన్న ప్రయోగంలో ఇంత వెడల్పా అనిపిస్తుంది ఎవరికైనా. కారణం పక్క గడిలోనే ఉంది. తీవ్రమైన కేసులు మొత్తం 16. ప్లసీబో (మందు లేని ఉత్తుత్తి సూది) తీసుకున్నవాళ్లలో 15, టీకా తీసుకున్నవాళ్లలో 1.

అంటే ఆ అంకె నిలబడింది 16లో 1 అనే చిన్న నిష్పత్తి మీద. ఎంతమందిని చేర్చుకున్నా, ఈ ప్రశ్నకు జవాబిచ్చే సమాచారం 16 కేసుల్లోనే ఉంది. 57 నుంచి 99.8 అనే ఆ వెడల్పు ఆ సంగతినే నిజాయితీగా చెబుతోంది. మనలో చాలామంది థీసిస్‌లలో వాడే మామూలు సూత్రం ఇక్కడ వేస్తే ఏమవుతుందో తరవాత లెక్క చేసి చూపిస్తాను. ముందు పద్ధతి నేర్చుకుందాం. కాగితం, కాలిక్యులేటర్, ఎక్సెల్ ఉంటే చాలు.

1. ముందు లవం, హారం తేల్చుకోండి

లెక్కలో సగం తప్పులు ఇక్కడే దొర్లుతాయి, సూత్రం దగ్గర కాదు.

ఒక ఉదాహరణ అనుకుందాం. భీమవరం చుట్టుపక్కల 25 రొయ్యల చెరువుల నుంచి శాంపిల్స్ తీసి పీసీఆర్ చేయించారు. 3 చెరువుల్లో వైట్ స్పాట్ వైరస్ తేలింది. ఇక్కడ హారం 25, లవం 3, నిష్పత్తి 12 శాతం. ఒక్కో చెరువు నుంచి పదేసి రొయ్యలు తీశారు కాబట్టి హారం 250 అని వేసుకుంటే తప్పు. ఒకే నీళ్లలో ఉన్న పది రొయ్యలు పది వేర్వేరు సాక్ష్యాలు కావు. ఒకదానికి వైరస్ ఉంటే పక్కదానికీ ఉండే అవకాశం ఎక్కువ. ఎగ్జాక్ట్ పద్ధతికి పునాది బైనామియల్ విభాజనం. ఒక్కో యూనిట్ మిగతా వాటితో సంబంధం లేకుండా, అన్నీ ఒకే సంభావ్యతతో, పాజిటివో నెగెటివో అవుతాయన్నది దాని షరతు. ఆ షరతు తప్పితే పేరులో ఎగ్జాక్ట్ ఉన్నా ఫలితం ఎగ్జాక్ట్ కాదు.

ఆ మాటకొస్తే చెరువుల విషయంలో కూడా అడగాల్సింది ఉంది. ఈ 25 చెరువుల్లో ఎనిమిది ఒకే కాలువ నీళ్లు తోడుకుంటున్నాయా? ఒకే హేచరీ నుంచి పిల్ల తెచ్చుకున్నాయా? అలాగైతే వాటినీ విడివిడిగా లెక్కించడం కష్టం. ఇళ్ల వారీగా, గ్రామాల వారీగా చేసే సర్వేల్లోనూ ఇదే చిక్కు. అప్పుడు డిజైన్ ఎఫెక్ట్ (ఇలా గుంపులుగా తీయడం వల్ల సమాచారం ఎన్ని రెట్లు తగ్గిందో చెప్పే అంకె) లెక్కగట్టి, అసలు హారాన్ని దానితో భాగించి, వచ్చిన చిన్న హారంతో హద్దులు వేయాలి. దీనికి తెలిసిన స్టాటిస్టీషియన్ సాయం తీసుకోవడం మేలు.

పాడైపోయిన శాంపిల్స్ సంగతి కూడా ముందే రాసిపెట్టుకోండి. 28 చెరువులకు వెళ్లి 3 శాంపిల్స్ పాడైతే హారం 25 అవుతుంది, కానీ ఆ మూడూ ఎందుకు పోయాయో రాయాలి. ఇంకొకటి: ఆ ఊళ్లో ఉన్నవే 40 చెరువులై, మీరు అందులో 25 చూసి, ఆ 40 గురించే చెప్పాలనుకుంటే బైనామియల్ సరిపోదు. దానికి హైపర్‌జామెట్రిక్ లెక్క ఉంది.

2. మామూలు సూత్రం ఎక్కడ చెడుతుందో కళ్లారా చూడండి

డిగ్రీ పాఠాల్లో అందరూ నేర్చుకునేది వాల్డ్ పద్ధతి. నిష్పత్తికి ఇరువైపులా 1.96 రెట్లు స్టాండర్డ్ ఎర్రర్ (శాంపిల్ మారితే నిష్పత్తి ఎంత ఊగుతుందో చెప్పే కొలత) వేయడమే. 25లో 3కి చేద్దాం. 0.12ను 0.88తో గుణించి, 25తో భాగించి, వర్గమూలం తీస్తే 0.065. దాన్ని 1.96తో గుణిస్తే 0.127. హద్దులు: మైనస్ 0.7 శాతం నుంచి 24.7 శాతం.

వైరస్ ఉన్న చెరువులు మైనస్ 0.7 శాతం ఏమిటి? చాలామంది ఆ మైనస్‌ని చెరిపేసి సున్నా అని రాసేస్తారు. అది రోగం లక్షణాన్ని దాచడమే. కింది హద్దు సున్నా దాటి కిందికి జారిందంటే, పై హద్దు కూడా ఉండాల్సినంత పైకి వెళ్లలేదని అర్థం. ఎందుకంటే ఈ సూత్రం రెండువైపులా సమానంగా కొలుస్తుంది. సున్నాకి దగ్గరగా ఉన్న నిష్పత్తికి కింద చోటు తక్కువ, పైన చోటు ఎక్కువ. నిజమైన హద్దులు సమానంగా ఉండవు.

ఇక ఒక్కటి కూడా పాజిటివ్ రాకపోతే పరిస్థితి ఇంకా ఘోరం. స్టాండర్డ్ ఎర్రర్ సున్నా అయిపోయి, హద్దులు సున్నా నుంచి సున్నా అని వస్తాయి. అంటే 20 చెరువులు చూసి, ఇక ఎక్కడా వైరస్ లేనే లేదని చెప్పినట్టు.

ఇది ఎంత తరచుగా జరుగుతుందో లెక్కిద్దాం. నిజంగా 5 శాతం చెరువుల్లో వైరస్ ఉందనుకోండి. 20 చెరువులు తీసుకుంటే ఒక్కటీ పాజిటివ్ రాకుండా పోయే సంభావ్యత 0.95ని 20 సార్లు గుణిస్తే వస్తుంది: 0.358. అంటే నూటికి 36 సార్లు వాల్డ్ హద్దులు సున్నా దగ్గరే కుప్పకూలి, నిజమైన 5 శాతాన్ని పట్టుకోలేవు. 95 శాతం అని రాసుకున్న పద్ధతి ఇక్కడ పనిచేసేది 64 శాతమే.

3. ఎగ్జాక్ట్ పద్ధతి వెనక ఉన్న రెండు ప్రశ్నలు

1934లో సి. జె. క్లాపర్, ఎగాన్ పియర్సన్ బయోమెట్రికా పత్రికలో ఈ పద్ధతిని ప్రచురించారు. అందుకే దీన్ని క్లాపర్-పియర్సన్ ఇంటర్వెల్ అంటారు. నార్మల్ వక్రరేఖతో సరిపెట్టుకోకుండా నేరుగా బైనామియల్ సంభావ్యతలతో లెక్కిస్తారు. ఎగ్జాక్ట్ అన్న మాట వచ్చింది అందువల్లే. హద్దులు ఇరుకుగా ఉంటాయనో, జవాబు గురి తప్పదనో దానికి అర్థం కాదు.

ఆలోచన చాలా సూటిగా ఉంటుంది. 25లో 3 వచ్చాయి. రెండు ప్రశ్నలు వేసుకోండి.

మొదటి ప్రశ్న: నిజమైన నిష్పత్తి ఎంత పెద్దదైతే, 3 లేదా అంతకంటే తక్కువ రావడం నమ్మశక్యం కానంత అరుదు అవుతుంది? అరుదు అంటే 2.5 శాతం అని గీత గీసుకుంటాం. ఆ గీత దగ్గరి నిష్పత్తే పై హద్దు.

రెండో ప్రశ్న: నిజమైన నిష్పత్తి ఎంత చిన్నదైతే, 3 లేదా అంతకంటే ఎక్కువ రావడం అంత అరుదు అవుతుంది? అది కింది హద్దు.

రెండు వైపులా 2.5 చొప్పున వదిలేస్తే మధ్యలో 95 మిగులుతుంది. అంతే. మిగతాదంతా వెతుకులాట.

పై హద్దు చేత్తో వెతుకుదాం. ఇది ఒక్కసారి చేత్తో చేసినవాళ్లకు జన్మలో మళ్లీ అనుమానం రాదు, అందుకే పట్టుబట్టి చేయిస్తాను. నిజమైన నిష్పత్తి 0.30 అనుకోండి. అప్పుడు 25 చెరువుల్లో,

ఒక్కటీ పాజిటివ్ రాకపోయే సంభావ్యత 0.0001
ఒకటి వచ్చే సంభావ్యత 0.0014
రెండు వచ్చే సంభావ్యత 0.0074
మూడు వచ్చే సంభావ్యత 0.0243

నాలుగూ కలిపితే 0.0332. మన గీత 0.025 కంటే ఎక్కువే. అంటే 30 శాతం అన్నది ఇంకా నమ్మదగ్గ విలువే, ఇంకొంచెం పైకి వెళ్లాలి. 0.32 వేసి చూస్తే మొత్తం 0.0207. గీత దాటి కిందికి వచ్చేశాం. 0.31 దగ్గర 0.0263. 0.312 దగ్గర 0.0251, గీతకు ఆనుకున్నట్టే. పై హద్దు 31.2 శాతం.

కింది హద్దు కూడా ఇదే తీరు, కాకపోతే ఈసారి 3 లేదా అంతకంటే ఎక్కువ వచ్చే సంభావ్యత కావాలి. సున్నా, ఒకటి, రెండు వచ్చే సంభావ్యతలు కలిపి, 1 నుంచి తీసేస్తే సరిపోతుంది. 0.02 దగ్గర 0.0132. మరీ తక్కువ. 0.03 దగ్గర 0.0380. ఎక్కువైంది. 0.025 దగ్గర 0.0238. 0.0255 దగ్గర 0.0251. కింది హద్దు 2.5 శాతానికి ఒక పిసరు పైన.

కాబట్టి 25లో 3 అంటే 12 శాతం, హద్దులు 2.5 నుంచి 31.2. వాల్డ్ చెప్పిన మైనస్ 0.7, 24.7 పక్కన పెట్టి చూడండి. 12 నుంచి కిందికి తొమ్మిదిన్నర, పైకి పందొమ్మిది. కింద చోటు లేదు, పైన ఉంది. ఇంటర్వెల్ ఆ సంగతి గుర్తించింది.

4. మెషీన్‌తో చేయించడం

రోజూ చేత్తో వెతకనక్కర్లేదు. బీటా విభాజనంతో ఈ హద్దులు ఒక్క అడుగులో వస్తాయి.

ఎక్సెల్‌లో బీటా ఇన్వర్స్ ఫంక్షన్ వాడండి. ఇంగ్లిష్ అక్షరాల్లో బి, ఇ, టి, ఎ, చుక్క, ఐ, ఎన్, వి అని టైప్ చేయాలి. బ్రాకెట్లో మూడు అంకెలు ఇవ్వాలి. కింది హద్దుకు 0.025, లవం, హారంలోంచి లవం తీసేసి ఒకటి కలిపినది. మన ఉదాహరణలో 0.025, 3, 23. పై హద్దుకు 0.975, లవానికి ఒకటి కలిపినది, హారంలోంచి లవం తీసేసినది. అంటే 0.975, 4, 22. ఆ ఒకటి కలపడం ఒకసారి రెండో అంకెలో, ఒకసారి మూడో అంకెలో వస్తుంది. ఇవి తారుమారైతే ఫలితం చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ తప్పు. అందుకే కొత్త షీట్ తయారు చేయగానే 25లో 3 వేసి 2.5, 31.2 వస్తున్నాయో లేదో చూసుకోండి.

ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో బైనామ్ డాట్ టెస్ట్ అనే ఫంక్షన్‌కి ముందు లవం, తరవాత హారం ఇస్తే క్లాపర్-పియర్సన్ హద్దులు వస్తాయి. ప్రాప్ డాట్ టెస్ట్ అనేది వేరే, అది విల్సన్ పద్ధతికి (దీని సంగతి ఆరో భాగంలో) ఒక సవరణ కలిపి ఇస్తుంది. రెండింటి పేర్లూ దగ్గరగా ఉండడంతో చాలామంది పొరబడతారు. స్టాటాలో సీఐఐ ప్రపోర్షన్స్ కమాండ్ మామూలుగా ఎగ్జాక్ట్ హద్దులే ఇస్తుంది, కానీ అక్కడ ముందు హారం, తరవాత లవం. పైథాన్‌లో స్టాట్స్‌మోడల్స్ వాడేవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. పద్ధతి పేరు చెప్పకపోతే అది వాల్డ్ హద్దులు ఇచ్చేస్తుంది, బీటా అని అడిగితేనే ఎగ్జాక్ట్ ఇస్తుంది. సైపైలో బైనామ్‌టెస్ట్ అయితే మామూలుగానే ఎగ్జాక్ట్. ఇవేవీ రానివాళ్లకు ఓపెన్ఎపి అనే ఉచిత వెబ్ కాలిక్యులేటర్ ఉంది, అయిదారు పద్ధతుల హద్దులు పక్కపక్కన చూపిస్తుంది.

ఆర్ వాడేవాళ్లకు ఒక చిన్న సంగతి. బైనామ్ డాట్ టెస్ట్ ఇచ్చే పీ-వాల్యూ (మీరు పరీక్షిస్తున్న విలువే నిజమైతే ఇలాంటి ఫలితం ఎంత అరుదో చెప్పే అంకె) ఒక పద్ధతిలో, హద్దులు మరో పద్ధతిలో లెక్కిస్తారు. ఎప్పుడో ఒకసారి పీ-వాల్యూ 0.05 లోపల ఉండి, మీరు పరీక్షిస్తున్న విలువ హద్దుల లోపలే ఉండిపోవచ్చు. కంగారు పడకండి, ప్రోగ్రాం చెడిపోలేదు.

5. సున్నా వచ్చినప్పుడు, నూటికి నూరు వచ్చినప్పుడు

ఈ పద్ధతి అసలు విలువ తెలిసేది ఇక్కడ. లవం సున్నా అయితే కింది హద్దు సున్నాయే. పై హద్దు కోసం బీటా ఫంక్షన్ కూడా అక్కర్లేదు: 0.025కి హారం వంతు మూలం తీసి, 1 నుంచి తీసేయండి. ఎక్సెల్‌లో లవం సున్నా పెట్టి కింది హద్దు అడిగితే ఎర్రర్ వస్తుంది. ఆ గడిలో మీరే సున్నా అని పెట్టుకోవాలి. అలాగే లవం, హారం సమానమైతే పై హద్దు 1.

20 మందిలో సున్నా: పై హద్దు 16.8 శాతం
30 మందిలో సున్నా: 11.6
50 మందిలో సున్నా: 7.1
100 మందిలో సున్నా: 3.6
300 మందిలో సున్నా: 1.2

కొత్త మందు 30 మందికి ఇచ్చాం, ఎవరికీ దుష్ఫలితం రాలేదు, కాబట్టి సురక్షితం అని రాసేముందు ఆ 11.6ని ఒక్కసారి చూడండి. ప్రతి తొమ్మిది మందిలో ఒకరికి హాని చేసే మందు కూడా 30 మందిలో ఎవరినీ తాకకుండా పోగలదు. రోగి పక్కన నిలబడి ఆలోచిస్తే ఇది చిన్న విషయం కాదు.

మూడుని హారంతో భాగిస్తే పై హద్దు వస్తుందన్న నోటి లెక్క ఒకటి వాడుకలో ఉంది. 300కి 3 అంటే 1 శాతం. అది ఒకవైపు మాత్రమే 5 శాతం వదిలే హద్దు. పైన ఇచ్చినవి 2.5 వదిలేవి, అందుకే కొంచెం పెద్దవి. ఏది వాడినా ఫర్వాలేదు, ఏది వాడారో రాయండి.

నూటికి నూరు సంగతి. ఒక మైక్రోబయాలజీ పీజీ విద్యార్థిని తన థీసిస్ టేబుల్స్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. కొత్త కిట్‌తో 10 పాజిటివ్ శాంపిల్స్ చూస్తే 10కి పదీ పట్టేసింది. సెన్సిటివిటీ (నిజంగా పాజిటివ్ అయినవాటిలో కిట్ పట్టుకున్న వాటా) 100 శాతం, హద్దులు 100 నుంచి 100 అని టైప్ చేసి ఉంది. సాఫ్ట్‌వేర్ అలా ఇచ్చిందండీ అంది. ఇద్దరం కూర్చుని 0.025కి పదో మూలం తీశాం. 0.692 వచ్చింది. అంటే పదిలో మూడు కేసులను వదిలేసే కిట్ కూడా ఈ ఫలితం ఇచ్చి ఉండవచ్చు. ఆ పిల్ల ముఖం వాడిపోయింది. రేపు గైడ్‌కి ఏం చెప్పాలన్న టెన్షన్. ఆమె చేసిన పనిలో తప్పేమీ లేదని, పది శాంపిల్స్ చెప్పగలిగినంతే అవి చెబుతాయని నచ్చజెప్పడానికి కాసేపు పట్టింది.

6. ఎగ్జాక్ట్ ఎప్పుడు, వేరేది ఎప్పుడు

ఎగ్జాక్ట్ పద్ధతి ఇచ్చే హామీ ఏమిటంటే, నిజమైన నిష్పత్తి ఏదైనా సరే, శాంపిల్ ఎంతైనా సరే, నూటికి కనీసం 95 సార్లు హద్దులు దాన్ని పట్టుకుంటాయి. కనీసం అన్న మాట ముఖ్యం. చెరువులో చేప కదలదు, మనం విసిరే వల మారుతుంది. 95 శాతం అన్నది వల విసిరే పద్ధతికి చెందిన మాట. ఒకసారి విసిరాక వచ్చిన 2.5 నుంచి 31.2లో నిజం ఉండే అవకాశం 95 శాతం అని చెప్పడం తప్పు. వైవాలో తరచూ తడబడేది ఇక్కడే.

హామీకి మూల్యం ఉంది. లవం పూర్ణాంకాల్లోనే కదులుతుంది కాబట్టి సరిగ్గా 95 దగ్గర ఆగడం కుదరదు, పద్ధతి ఎప్పుడూ కొంచెం ఎక్కువ వెడల్పు వైపే మొగ్గుతుంది. ఇందాకటి ఉదాహరణే తీసుకోండి: నిజం 5 శాతం, శాంపిల్ 20. ఎగ్జాక్ట్ హద్దులు నిజాన్ని 98.4 శాతం సార్లు పట్టుకుంటాయి. ఎడ్విన్ విల్సన్ 1927లో చెప్పిన పద్ధతి 92.5 శాతం సార్లు. వాల్డ్ 64 శాతం. 25లో 3కి విల్సన్ హద్దులు 4.2 నుంచి 30.0, ఎగ్జాక్ట్ కంటే ఇరుకు.

1998లో అలాన్ అగ్రెస్టి, బ్రెంట్ కౌల్ ఈ అదనపు వెడల్పునే ఎత్తిచూపి, మంచి ఉజ్జాయింపు పద్ధతులే మేలని వాదించారు. 2001లో లారెన్స్ బ్రౌన్, టోనీ కాయ్, అనిర్బన్ దాస్‌గుప్తా వాల్డ్ పద్ధతి పెద్ద శాంపిల్స్‌లో కూడా ఎలా గతి తప్పుతుందో చూపించి, 40 లోపు శాంపిల్స్‌కి విల్సన్ లేదా జెఫ్రీస్ హద్దులు సిఫారసు చేశారు. వాళ్ల వాదనలో బలముంది.

నా మటుకు నేను ఇలా చేస్తాను. తప్పితే ఎవరికైనా హాని జరిగే చోట, అంటే మందుల దుష్ఫలితాలు, టీకాలు, రోగనిర్ధారణ కిట్లు, రక్తనిధి పరీక్షల దగ్గర, ఎగ్జాక్ట్ వాడతాను. కనీసం 95 అన్న హామీ అక్కడ కావాలి. లవం సున్నా, ఒకటి, రెండు ఉన్నప్పుడూ అంతే. ఎంతమందికి ఫలానా అలవాటు ఉంది లాంటి సర్వే అంకెలకు విల్సన్ చాలు. ఎగ్జాక్ట్ మరీ వెడల్పుగా ఉందనిపించినవాళ్లకు మధ్యేమార్గంగా మిడ్-పీ అనే సవరణ ఉంది. సరిగ్గా మనకు వచ్చిన లవానికి ఉన్న సంభావ్యతలో సగమే లెక్కలోకి తీసుకుంటుంది. హద్దులు కొంచెం ఇరుకవుతాయి, కనీసం 95 అన్న హామీ మాత్రం పోతుంది. ఏది ఎంచుకున్నా డేటా చూడకముందే ఎంచుకుని ప్రోటోకాల్‌లో రాయండి. నాలుగు పద్ధతులు వేసి నచ్చిన హద్దులు ఏరుకోవడం సైన్స్ కాదు.

7. మొదట్లో చూసిన టీకా లెక్క

ఇప్పుడు ఆ 57.1 నుంచి 99.8 ఎక్కడ నుంచి వచ్చిందో మనమే చూడొచ్చు. టీకా వాళ్లు, ప్లసీబో వాళ్లు దాదాపు సమానంగా ఉన్నారు. టీకా పనిచేయకపోతే ప్రతి కేసూ బొమ్మా బొరుసూ లాంటిది, సగం ఇటు సగం అటు పడాలి. కాబట్టి హారం 16 కేసులు, లవం టీకా వైపు పడిన 1.

ఎగ్జాక్ట్ హద్దులు వేస్తే ఈ వాటా 0.16 శాతం నుంచి 30.2 శాతం. దీన్ని టీకా రక్షణగా మార్చడానికి, వాటాని మిగిలిన వాటాతో భాగించి 1 నుంచి తీసేయాలి. 0.302ని 0.698తో భాగిస్తే 0.433, రక్షణ 56.7 శాతం. రెండో కొస 99.8 శాతం. ప్రచురించిన హద్దులు 57.1, 99.8. రెండు గుంపుల పరిమాణం, పరిశీలించిన కాలం అచ్చంగా సమానం అనుకుని వేశాం కాబట్టి ఆ కాస్త తేడా.

అదే 16లో 1కి వాల్డ్ వేస్తే వాటా మైనస్ 5.6 నుంచి 18.1 శాతం. రక్షణగా మారిస్తే 78 శాతం నుంచి 105 శాతం. నూటికి నూరు దాటిన రక్షణ అర్థం లేనిదని ఎవరైనా పట్టేస్తారు. ప్రమాదం ఆ 78 దగ్గరుంది. 57 దాకా పడిపోయే అవకాశం ఉన్న రక్షణని కనీసం 78 అని జనానికి చెప్పేసేవాళ్లం.

లక్షణాలతో వచ్చిన కోవిడ్ కేసులు మొత్తం 130, టీకా వైపు 24. దీనికి ఎగ్జాక్ట్ హద్దులు 12.2 నుంచి 26.2, వాల్డ్ 11.8 నుంచి 25.1. పెద్ద తేడా లేదు. ఎగ్జాక్ట్ నుంచి రక్షణ 64.5 నుంచి 86.1 అని వస్తుంది, ప్రచురించినది 65.2 నుంచి 86.4. కేసులు పెరిగి, నిష్పత్తి అంచులకు దూరంగా జరిగేకొద్దీ పద్ధతుల మధ్య తగాదా తగ్గిపోతుంది.

8. డేటా తీయకముందే హద్దులు లెక్కించండి

శాంపిల్ ఎంత కావాలన్న ప్రశ్నకు కూడా ఇదే లెక్క. దుష్ఫలితం ఒక్కటీ రాకపోతే, అది 1 శాతం కంటే తక్కువని చెప్పగలగాలి అనుకోండి. ఒకవైపు 95 శాతం హద్దు చాలంటే 299 మంది కావాలి. రెండువైపుల హద్దు కావాలంటే 368. ఒక కిట్ అన్నీ సరిగ్గా పట్టేసినా, సెన్సిటివిటీ కింది హద్దు 95 శాతం చేరాలంటే కనీసం 72 పాజిటివ్ శాంపిల్స్ ఉండాలి. ఒక్కటి తప్పినా ఆ లెక్క సరిపోదు, ఇంకా కావాలి. ఎథిక్స్ కమిటీకి ప్రపోజల్ పెట్టేముందే ఎక్సెల్ షీట్‌లో లవం, హారం మార్చి మార్చి చూసుకుంటే, రెండేళ్ల తరవాత ఏడవాల్సిన పని ఉండదు.

9. రాసేటప్పుడు

శాతం ఒక్కటే రాయకండి. లవం, హారం, శాతం, హద్దులు, పద్ధతి పేరు, సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్ ఉండాలి. లవం, హారం కనిపిస్తే చదివేవాళ్లు ఎవరైనా తిరిగి లెక్క వేసుకోగలరు. హారం 25 ఉన్నప్పుడు 31.2190 అని నాలుగు దశాంశాలు రాయడం అనవసరం, ఒక్కటి చాలు. హద్దులు ఎగ్జాక్ట్ అని మాత్రమే రాస్తే చాలదు, క్లాపర్-పియర్సన్ అని పేరు పెట్టి రాయండి. రెండు గుంపులను పోల్చేటప్పుడు, రెండింటి హద్దులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి కాబట్టి తేడా లేదని తేల్చేయకండి. తేడాకి విడిగా హద్దులు వేయాలి.

చెరువుల ఉదాహరణ రాస్తే ఇలా ఉంటుంది: "పరీక్షించిన 25 చెరువుల్లో 3 చెరువులు పాజిటివ్ (12.0%, 95% కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 2.5 నుంచి 31.2, క్లాపర్-పియర్సన్). సేకరించిన 28 శాంపిల్స్‌లో 3 రవాణాలో పాడైనందువల్ల వదిలేశాం."

ఆ మైక్రోబయాలజీ అమ్మాయి తన టేబుల్‌లో 100 నుంచి 100 కొట్టేసి, ఇలా రాసి ఇచ్చింది: "కిట్ 10 పాజిటివ్ శాంపిల్స్‌లో పదింటినీ గుర్తించింది (సెన్సిటివిటీ 100%, 95% కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 69.2 నుంచి 100, క్లాపర్-పియర్సన్). శాంపిల్ చిన్నది కావడం వల్ల కింది హద్దు తక్కువగా ఉంది. కింది హద్దు 95% చేరాలంటే, ఒక్కటీ తప్పకపోయినా, కనీసం 72 పాజిటివ్ శాంపిల్స్ అవసరం."